ఇరవై నాలుగో వంతు పద్మిని

అబ్బాజాన్ ఆ చిన్న కారును అరచేతిలో పెట్టుకున్నారు. కళ్లజోడు సవరించుకొని, చేతిని కాస్త దూరంగా జరిపి, చాలాసేపు చూశారు. “ఇది మన బండి కాదు” అన్నారు. ఎందుకు కాదో చెప్పమని మావాడు అడిగితే వెంటనే చెప్పలేకపోయారు. “మన బండి కూర్చున్నట్టు ఉంటుంది. ఇది పరుగెత్తడానికి లేచినట్టు ఉంది” అని మాత్రం అన్నారు.

కీసరలోని మా ఇంటి వెనుక వేపచెట్టు కింద ఒక ప్రీమియర్ పద్మిని ఉంది. అబ్బాజాన్ నోట అది ఎప్పుడూ ‘ఫియట్’ మాత్రమే. ఈసీఐఎల్ నుంచి నాగారం మీదుగా వచ్చే రోడ్డు ఇప్పటిలా లేని రోజుల్లో మా కుటుంబమంతా ఆ ఒక్క బండిలోనే తిరిగింది. పండుగ రోజున ఈద్‌గాకు బయలుదేరితే ముందు ముగ్గురు, వెనుక ఆరుగురు సర్దుకునేవాళ్లం. గేరు రాడ్ స్టీరింగ్ పక్కనే ఉండేది కనుక ముందు సీటు మధ్యలో ఒక పిల్లవాడికి చోటు దొరికేది. ఆ చోటు కోసం మా అన్నదమ్ముల మధ్య జరిగిన యుద్ధాలు అన్నీ ఇన్నీ కావు. ఇప్పుడు బండి అడుగు రేకు తుప్పు పట్టిపోయింది. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. చివరిసారి మేము ఆ పని చేయలేదు. తుక్కుకు ఇచ్చేయాలని ఇంట్లో నిర్ణయం జరిగింది. పదో తరగతి చదివే మావాడు, “కనీసం చిన్నదైనా ఒకటి ఇంట్లో ఉండాలి” అని పట్టుబట్టాడు. అలా పద్మిని పేరుతో అమ్ముతున్న ఒక రెసిన్ కిట్‌ను తెప్పించాము. భాగాలు విడివిడిగా వస్తాయి. శుభ్రం చేసి, అతికించి, రంగు వేసుకోవాలి. పెట్టె మీద స్కేలు 1:24 అని ఉంది. అంటే అసలు బండిలో 24 మిల్లీమీటర్లు ఉన్నది బొమ్మలో ఒక మిల్లీమీటరు కావాలి.

అబ్బాజాన్ మాటను పరీక్షించడానికి మావాడు వెర్నియర్ కాలిపర్ తెచ్చాడు. పద్మినిలో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య దూరం 2340 మిల్లీమీటర్లు. దానిని 24తో భాగిస్తే 97.5 రావాలి. కిట్‌లో 94 వచ్చింది. చూడటానికి మూడున్నర మిల్లీమీటర్ల తేడాయే. అయితే అసలు బండి లెక్కలో అది ఎనిమిది సెంటీమీటర్లకు పైమాట. పద్మిని రిమ్ము వ్యాసం 14 అంగుళాలు, అంటే బొమ్మలో 15 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ ఉండాలి. కిట్ రిమ్ము 17 ఉంది. అంటే 16 అంగుళాల చక్రాన్ని తగిలించారన్నమాట. పొట్టి ఒళ్లు, పెద్ద చక్రాలు ఉంటే బండి లేచినట్టు కనబడక ఏమవుతుంది? డెబ్బై ఎనిమిదేళ్ల కన్ను కాలిపర్ కన్నా ముందే ఆ సంగతి పట్టేసింది.

సామాన్యుల కార్ల నమూనాలు చేయడంలో అసలు చిక్కు ఇదే. లక్షలు పోసే రేసు కారును మనలో ఎక్కువమంది బొమ్మల్లోనే చూశాము. దాని ముక్కు రెండు మిల్లీమీటర్లు పొడవైనా అడిగేవారు లేరు. పద్మిని విషయంలో అలా కుదరదు. దాని తలుపు మూసిన చప్పుడు, అద్దం తిప్పే పిడి, డిక్కీ ఎత్తితే వచ్చే వాసన ఒంటికి తెలిసినవారు ఊరికి వందమంది ఉంటారు. వారందరూ పరీక్షకులే.

ఇతర దేశాల సామాన్య కార్లకు ఈ విషయంలో అదృష్టం బాగుంది. జపాన్‌కు చెందిన తమియా సంస్థ ఇంగ్లండు మినీకీ, ఇటలీ ఫియట్ 500కూ 1:24 కిట్లు చేసింది. హసెగావా సంస్థ జపాన్ వారి సుబారు 360కి చేసింది. జర్మనీలో పేరున్న రెవెల్ సంస్థ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కే కాక, తూర్పు జర్మనీ సామాన్యుడి ట్రాబాంట్‌కు సైతం కిట్ తెచ్చింది. ఈ కార్ల నమూనాలను పరీక్షించేవారు మొదట చూసేది పొడవు వెడల్పులను కాదు, సంవత్సరాన్ని. 1965కు ముందటి ఫియట్ 500 తలుపులు వెనుక అంచున బిగించి ఉండేవి, ముందునుంచి తెరుచుకునేవి. ఆ సంవత్సరం వచ్చిన ‘ఎఫ్’ రకంతో కీలు ముందుకు మారింది. బీటిల్ వెనుక అద్దం మొదట రెండు ముక్కలు. 1953లో అది ఒకే కోడిగుడ్డు ఆకారమయింది, 1958 మోడల్ నుంచి పెద్దదయింది. మినీ తొలి రకాల్లో తలుపు అద్దాలు పక్కకు జరిగేవి, కీలు బయటికి కనబడేవి. పెట్టె మీద 1961 అని రాసి లోపల అద్దం తిప్పే పిడి పెడితే ఆ కిట్ అక్కడే తప్పింది.

మన పద్మినికి ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ముంబయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఇటలీ ఫియట్ 1100 కుటుంబం నుంచి దీనిని తెచ్చుకుంది. 1964లో 1100 డిలైట్‌గా మొదలై, 1972లో ప్రెసిడెంట్‌గా మారి, 1974లో పద్మిని అయింది. దీనికి మూలం ఇటలీలో 1962లో వచ్చిన ‘1100 డి’. అయితే బొమ్మల బజారులో ఫియట్ 1100 పేరుతో కనిపించే వాటిలో కొన్ని 1953 నాటి 1100/103 రకానివి. వాటి ముందు తలుపు కీలు వెనుక వైపు ఉంటుంది. దానికి నలుపు, పసుపు రంగులు పూసి ‘ముంబయి టాక్సీ’ అని అమ్మితే కొనేవారున్నారు. తాతకు మనవడి చొక్కా తొడిగితే మనవడైపోతాడా? అంబాసిడర్ విషయమూ ఇంతే. అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి నుంచి పుట్టిన మాట నిజమే. కానీ 2014లో తయారీ ఆగిపోయేదాకా దాని ముఖం ఎన్నిసార్లు మారిందో మన వీధులకు తెలుసు.

కొలతలు తప్పడానికి ప్రతిసారీ నిర్లక్ష్యమే కారణం కాదు. వెనక్కి లాగి వదిలితే పరుగెత్తే బొమ్మ కార్లలో స్ప్రింగు యంత్రం పట్టాలి కనుక అడుగు భాగం లావవుతుంది. అన్ని కార్లనూ ఒకే పరిమాణం గల పెట్టెలో పెట్టాలనుకునే కంపెనీకి స్కేలు కన్నా పెట్టె ముఖ్యం. అక్కడ లారీ, కారు ఒకే పొడవు ఉంటాయి. అచ్చు నుంచి భాగం ఊడి రావాలంటే నిలువు గోడలకు కొంచెం వాలు ఇవ్వాలి. రెసిన్ ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. ఒకరి నమూనాను మరొకరు అచ్చుపోసి నకలు తీస్తే, ఆ నకలుకు ఇంకొకరు నకలు తీస్తే, ప్రతిసారీ బండి కొంత చిక్కిపోతుంది. మాకు వచ్చినది అటువంటి నకలు అయి ఉండవచ్చునని మావాడి అనుమానం. అయితే చక్రాలు పెద్దవి కావడానికి ఆ సాకు చెల్లదు.

శ్రద్ధ ఉన్నవారు ఎంత దూరం వెళతారో కూడా చెప్పాలి. 1970లలో పోర్షే 934 కిట్ చేయాలనుకున్న తమియా, చివరికి ఒక పోర్షే 911ను కొని, విప్పి, భాగం భాగమూ పరిశీలించింది. ఒక బొమ్మ కోసం ఒక కారు! మన పద్మినికి అంత ఖర్చు కూడా అక్కరలేదు. టేపు, నోటు పుస్తకం ఉంటే చాలు. కావలసినది బండి. 2023 అక్టోబరు చివరలో ముంబయి వీధుల నుంచి పద్మిని టాక్సీలు పూర్తిగా తప్పుకున్నాయి. మిగిలినవి మాలాంటి వారి చెట్ల కింద ఉన్నాయి.

అందుకే తుక్కు వ్యాపారి వచ్చే లోపల బండిని మేమే కొలుద్దామనుకున్నాము. ఒక ఆదివారం అసర్ నమాజు తర్వాత మొదలుపెట్టాము. మావాడు టేపు ఒక కొస పట్టుకున్నాడు, నేను రెండో కొస పట్టుకున్నాను. అబ్బాజాన్ కుర్చీలో కూర్చుని అంకెలు రాశారు. ముందు అద్దం వంపును అట్టముక్కల మీద కత్తిరించి తీసుకున్నాము. వెడల్పు 1460 సరిగానే వచ్చింది. ఎత్తు దగ్గర మాత్రం తికమకపడ్డాము. పుస్తకాల్లో ఉన్నదానికన్నా దాదాపు 40 మిల్లీమీటర్లు తక్కువ వచ్చింది. రెండోసారి కొలిచాము, మళ్లీ అంతే. అప్పుడు అబ్బాజాన్ నవ్వి చేతికర్రతో కింద చూపించారు. నాలుగు టైర్లలోనూ గాలి లేదు!

ఇంకొకటి. ఎడమ ముందు మడ్‌గార్డు కుడిదానికన్నా ఆరు మిల్లీమీటర్లు ఉబ్బుగా ఉంది. అది ఫ్యాక్టరీ పని కాదు. ఒకప్పుడు సొట్ట పడితే మెకానిక్ దానిని పూర్తిగా సరిచేయకుండా లప్పం దట్టంగా పూసి రంగు వేశాడు. ఇక్కడే మావాడికీ నాకూ వాదన వచ్చింది. నమూనా దేనికి సరిపోవాలి? ముంబయిలో తయారైన రోజున ఉన్న పద్మినికా, వేపచెట్టు కింద ఉన్న ఈ పద్మినికా? మొదటిదే న్యాయమని నేను అన్నాను. కొలత అంటే అందరికీ ఒకటిగా ఉండాలి, ఇంటికొక కొలత పనికిరాదు. మావాడు ఒప్పుకోలేదు.

నిజానికి ఏ స్కేలూ అన్నిటినీ కుదించలేదు. కారు రేకు మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. దాని 24వ వంతు తల వెంట్రుక కన్నా సన్నం. కిట్ ప్లాస్టిక్ ఒక మిల్లీమీటరు మందం ఉందనుకుంటే, అసలు బండికి రెండున్నర సెంటీమీటర్ల మందం గోడలు కట్టినట్టే. అందుకే నేర్పరులు కిటికీల అంచులను లోపలివైపు నుంచి గీకి పలుచన చేస్తారు. రంగు కూడా ఉన్నదున్నట్టు వేస్తే చిన్న బండి మీద ముదురుగా కనబడుతుంది. అందులో కొంచెం తెలుపు కలపాలి. బరువు సంగతి ఇంకా వింత. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 24వ వంతుకు తగ్గితే బరువు 13,824వ వంతు కావాలి. సుమారు 900 కిలోల పద్మిని 65 గ్రాములవుతుంది. ఒక పెద్ద కోడిగుడ్డంత.

వచ్చిన కిట్‌ను మేము పారేయలేదు. నడుము దగ్గర రంపంతో కోసి, మూడున్నర మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ముక్క అతికించాము. చక్రాలను వేరే కిట్ నుంచి తీసుకున్నాము. తుక్కు బండి వచ్చిన రోజు అబ్బాజాన్ బయటికి రాలేదు. లోపల కూర్చుని ఆ నోటు పుస్తకంలోని అంకెలను శుభ్రంగా మరో పేజీలోకి ఎక్కిస్తున్నారు. సాయంత్రం మావాడు వెళ్లి, “దాదాజాన్, ఎడమ మడ్‌గార్డు ఉబ్బు పెట్టమంటారా, వద్దా?” అని అడిగాడు.

“పెట్టు” అన్నారు ఆయన. “అది మీ చిచ్చా గేటుకు గుద్దింది.”

ఆరు మిల్లీమీటర్లను మావాడు 24తో భాగించాడు. పావు మిల్లీమీటరు వచ్చింది. లప్పం డబ్బా మూత తీశాడు.