కళకు ఎల్లలు లేవు సరే, న్యాయానికి?

‘కళకు ఎల్లలు లేవు’ అనే మాట వినడానికి ఎంతో ఇంపుగా ఉంటుంది. పాట మనసుల్ని కలుపుతుంది, సినిమా మనుషుల్ని దగ్గర చేస్తుంది, కాబట్టి ఏ దేశాన్నీ కళారంగం నుంచి వెలివేయరాదని కొందరి వాదన. ఇజ్రాయెల్ విషయంలో ఈ వాదన వినిపించడానికే అమెరికా వినోద పరిశ్రమ ప్రముఖులు కొందరు 2011లో ‘క్రియేటివ్ కమ్యూనిటీ ఫర్ పీస్’ అనే సంస్థను నెలకొల్పారు. టెల్ అవీవ్‌లో కచేరీకి ఒప్పుకున్న గాయకులు వెనక్కి తగ్గకుండా ఆ సంస్థ అండగా నిలుస్తుంది. తారల సంతకాలతో బహిరంగ లేఖలు విడుదల చేస్తుంది.

రెండో పక్షం మాట కూడా వినాలి. ఇజ్రాయెల్ విద్యా, సాంస్కృతిక సంస్థలను బహిష్కరించాలని పాలస్తీనా మేధావులు, కళాకారులు 2004లోనే ప్రపంచానికి పిలుపునిచ్చారు. 2025 సెప్టెంబరులో 1,200 మందికి పైగా సినిమా కళాకారులు, సాంకేతిక నిపుణులు పాలస్తీనీయులపై దౌర్జన్యాలలో భాగమైన ఇజ్రాయెల్ సినిమా సంస్థలతో పనిచేయబోమని ప్రతిన పూనారు. పారమౌంట్ కంపెనీ దాన్ని ఖండించింది. అదే నెలలో మరో 1,200 మందికి పైగా సినిమావాళ్ళు దానికి ఎదురుగా సంతకాలు చేశారు.

ఈ రెండు పక్షాలను మనం ఏ తూకంతో తూచాలి?

బహిష్కరణ వద్దనేవారి మాటలో ఒక నిజం ఉంది. ఫలానా దేశంలో పుట్టాడన్న ఒక్క కారణంతో ఏ మనిషినీ శిక్షించరాదు. ఒకరి పాపభారాన్ని మరొకరి నెత్తిన మోపరాదన్నది మన ధర్మం కూడా. అయితే పాలస్తీనీయుల పిలుపు సంస్థల మీదే గాని, పుట్టుకను బట్టి, మతాన్ని బట్టి వ్యక్తుల మీద కాదని వారి మార్గదర్శకాలే చెబుతున్నాయి.

ఇక ‘కళ వారధి’ అన్న వాదన సంగతి. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష సాగిన రోజుల్లోనూ ఈ మాటే వినిపించింది. అక్కడి ‘సన్ సిటీ’ విలాస కేంద్రం పెద్ద మొత్తాలు ఆశ చూపి పాశ్చాత్య గాయకులను రప్పించుకునేది. సాంస్కృతిక బహిష్కరణ పాటించాలని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1980లో కోరింది. సన్ సిటీలో పాడబోమని 1985లో ఎందరో గాయకులు కలిసి పాటే కట్టారు. కళ కాకపోయినా క్రీడారంగంలో మన దేశం అంతకుముందే దారి చూపింది. 1974లో డేవిస్ కప్ ఫైనల్లో దక్షిణాఫ్రికాతో ఆడనని కప్పునే వదులుకుంది. ఆనాటి ఆ నిరాకరణను ఈనాడు తప్పుపట్టేవారు అరుదు.

తూకంలో తేడా ఎక్కడుందో చూడండి. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తిన మర్నాడే యూరోవిజన్ పాటల పోటీ నుంచి రష్యాను తప్పించారు. 2024లో మాత్రం ఇజ్రాయెల్‌ను అదే పోటీలో కొనసాగించారు. కొనసాగించాలంటూ 400 మందికి పైగా వినోదరంగ ప్రముఖులు లేఖ రాశారు. పాలస్తీనా, ఇజ్రాయెల్ యువకులు కలిసి వెస్ట్ బ్యాంక్ గ్రామాల్లో ఇళ్ళ కూల్చివేతలపై తీసిన ‘నో అదర్ ల్యాండ్’ చిత్రం 2025లో ఆస్కార్ గెలిచింది. అది అసలైన వారధి. ఆస్కార్ అందుకునే నాటికి దానికి అమెరికాలో పంపిణీదారు దొరకలేదు!

బహిష్కరణ బాధ ఎలాంటిదో మన దైవప్రవక్త (స) స్వయంగా అనుభవించారు. ఖురైషులు బనూ హాషిం వంశీయులతో క్రయవిక్రయాలు, వివాహ సంబంధాలు తెంచుకుని షిఅబె అబూతాలిబ్ లోయలో మూడేళ్ళు అలమటింపజేశారు. ఆకలికి పిల్లలు ఏడ్చిన ఏడుపులు లోయ బయటికి వినిపించేవి. తర్వాత యమామా నాయకుడు సుమామా (రజి) ఇస్లాం స్వీకరించి మక్కాకు ధాన్యం ఆపివేసినప్పుడు, అదే ఖురైషులు మొరపెట్టుకుంటే, ధాన్యం పంపించమని ప్రవక్త (స) ఆదేశించారు.

తేడా ఇక్కడే తెలుస్తుంది. గాయకుడు కచేరీకి రానంటే ఎవరి బిడ్డా పస్తుండదు. గాజా గవర్నరేట్‌లో కరువు నెలకొందని ఐక్యరాజ్యసమితి మద్దతు గల ఐపీసీ 2025 ఆగస్టులో ధ్రువీకరించింది. ఇజ్రాయెల్ దాన్ని కాదంది. పాట ఆగిందని బాధపడేవారు రొట్టె ఆగినప్పుడు ఎందుకు పలకరు?

ఇదే తూకం మనకూ వర్తిస్తుంది. బహిష్కరించాలంటూ ఫోనుల్లో వచ్చే పేర్ల జాబితాలను నిజానిజాలు విచారించకుండా పదిమందికీ పంపడం, పిల్లల ముందు యూదులందరినీ తిట్టిపోయడం న్యాయం కాదు. ఒక జాతి మీది కోపం మనల్ని న్యాయం నుంచి తప్పించరాదని ‘మాయిదా’ సూరాలో అల్లాహ్ హెచ్చరించాడు. ఆ ప్రతిన పూనినవారిలో యూదులూ ఉన్నారని పిల్లలకు చెబుదాం.

తనకొక తూకం, ఇతరులకొక తూకం వాడని మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.