గన్నేరు కొమ్మ – కుక్కపిల్ల

మన మట్టెవాడలో దేవుని పూజకు గన్నేరు పూలు కోస్తాం కదా! కోసి పడేసిన కొమ్మను మీ కుక్కపిల్ల ఆటగా కొరికితే ఏమవుతుంది?

గన్నేరు ఆకు, పువ్వు, వేరు అన్నీ విషమే. ఎండినా ఆ విషం పోదు. గుండె కండరంలోని ప్రతి కణమూ సోడియంను బయటికి నెడుతూ, పొటాషియంను లోపలికి తీసుకుంటుంది. గన్నేరులోని ఓలియాండ్రిన్ ఈ పనిని అడ్డుకుంటుంది. అందుకే మొదట వాంతులు. తరువాత గుండె లయ తప్పి ప్రాణమే పోవచ్చు.

1785లో విలియం వితరింగ్ అనే ఇంగ్లండు వైద్యుడు ఉబ్బురోగానికి మందుగా వర్ణించిన ఫాక్స్‌గ్లోవ్ మొక్క కూడా గుండెపై ఇలాగే పనిచేస్తుంది. మోతాదు మించితే ఆ మందూ విషమే!

మరి గన్నేరును నరికేయాలా? అక్కరలేదు. కత్తిరించిన కొమ్మలను నేలపై వదలకండి. కుక్క కొరికిందని అనుమానం కలిగితే, వాంతులయ్యేదాకా ఆగక, ఆ ఆకును కూడా తీసుకొని వెంటనే పశువైద్యుని వద్దకు వెళ్ళండి.