జ్వలన ముహూర్తం

ఏ కార్యమైనా సకాలంలో జరిగితేనే సఫలమవుతుంది. నిప్పు విషయంలో ఈ నియమం మరింత కఠినమైనది. పాత బుల్లెట్ మోటారు సైకిలునే చూడండి. పెట్రోలు ఆవిరి పూర్తిగా మండటానికి కొంత వ్యవధి పడుతుంది. కనుక పిస్టన్ పైకొసను చేరడానికి లిప్తకాలం ముందే నిప్పురవ్వ పడాలి. మరీ ముందైతే కిక్కరు ఎదురుతన్నుతుంది. ఆలస్యమైతే శక్తి వ్యర్థమవుతుంది.

శ్రీహరికోటలోనూ ఇదే న్యాయం వర్తిస్తుంది. జీఎస్ఎల్వీ రాకెట్టు నడుమ ఘన ఇంధన మోటారు, దాని చుట్టూ నాలుగు ద్రవ ఇంధన ఇంజన్లు ఉంటాయి. ఘన ఇంధనం ఒకసారి అంటుకుంటే ఆర్పడం సాధ్యం కాదు. ద్రవ ఇంజన్లను ఆపవచ్చు. అందుచేత వీటిని 4.8 సెకన్లు ముందుగా మండించి, పరీక్షించిన పిదపే నడిమి మోటారును ముట్టిస్తారు.

2001 మార్చి 28న తొలి జీఎస్ఎల్వీ ప్రయోగవేళ ఆ నాలుగింటిలో ఒక ఇంజను తగిన బలాన్ని ఇవ్వలేదు. కంప్యూటరు దానిని గుర్తించి, రాకెట్టు ఎగరవలసిన క్షణానికి ఒక్క సెకను ముందు అన్నింటినీ ఆపివేసింది. సుమారు 400 టన్నుల రాకెట్టు వేదికపైనే భద్రంగా నిలిచింది. లోపాన్ని సరిదిద్దిన తరువాత ఏప్రిల్ 18న నింగికెగసింది.

వెలిగించడానికి తగిన క్షణం ఉన్నట్లే, ఆపడానికీ ఒక క్షణం ఉంటుంది. ఆ రెండింటినీ ఎరిగి ఉండటమే శాస్త్రజ్ఞుల వివేకం.