ఉదారమా? సంప్రదాయబద్ధమా?

ఒక జాతి రాజకీయములును సంస్కృతియు ఉదారములా, సంప్రదాయబద్ధములా అని ప్రశ్నించినచో ఒక్కమాటలో సమాధానము చెప్పుట కష్టము. దూరదేశముల దాక పోనేల? కడపసీమలోని రాజంపేటనే పరిశీలింతము.

1962 లోక్‌సభ ఎన్నికలలో ఈ నియోజకవర్గము స్వతంత్ర పార్టీ అభ్యర్థిని గెలిపించినది. రాజాజీ, ఎన్.జి. రంగా మొదలగువారు 1959లో స్థాపించిన ఆ పక్షమును పలువురు ఛాందసపక్షమనిరి. కాని సహకార సేద్యమును, లైసెన్సు-పర్మిట్ల పాలనను ప్రతిఘటించి, రైతు స్వేచ్ఛను, వర్తకుని స్వేచ్ఛను కోరినది ఆ పక్షమే. అంతకుముందు, 1939లో మద్రాసు రాష్ట్రమున హరిజనుల దేవాలయప్రవేశమునకు చట్టరక్షణ కల్పించినదియు రాజాజీ ప్రభుత్వమే. ఒకే నాయకునియందు రెండు స్వభావములు కలిసియుండగా, జాతికంతటికిని ఒకే పేరెట్లు పెట్టగలము?

సంస్కృతియు నట్టిదే. రాజంపేట చేరువనున్న తాళ్లపాకలో 15వ శతాబ్దమున జన్మించిన అన్నమాచార్యులు పరమభాగవతుడు. ఆయనయే పరబ్రహ్మ మొక్కటేయని, భగవంతుని యెదుట హీనాధికములు లేవని పాడెను. ఆయన భార్య తిమ్మక్క ‘సుభద్రా కల్యాణము’ రచించినది. సంప్రదాయపు ఒడిలోనే ఉదారత పెరిగినది.

అయినను ఆచరణమే పరీక్ష. ఉమ్మడి ఆస్తిలో అవివాహితలగు కుమార్తెలకు ఆంధ్రప్రదేశ్ చట్టము 1985 నుండి జన్మహక్కు నిచ్చినది. 2005లో కేంద్రచట్టము దేశమందలి హిందూ కుటుంబములలో కుమార్తెలందరికిని ఆ హక్కును విస్తరించినది. అయినను పసుపుకుంకుమలతో సరిపుచ్చి, పంపకములనాడు ఆడబిడ్డచేత హక్కు విడుదల పత్రముపై సంతకము చేయించుకొను ఇండ్లు నేటికిని కలవు. ఆ ఇంటివారే సంస్కరణలు కోరు పక్షమునకు ఓటు వేయవచ్చును.

కావున జాతి స్వభావమును ఓట్ల లెక్కలోనే గాక, ఇంటి భాగపత్రములో కూడ చదువవలెను.