అమ్మగారి పేరుతో వంటకం... అమ్మగారికే చల్లగానా?

అట్లు పోసే రోజు మన ఇళ్ళలో ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? పెనం మీద నుంచి ఒక్కొక్కటే దిగుతుంటే ముందు పిల్లలకి, తర్వాత ఆయనకి, ఆ తర్వాత అత్తగారికి వేడివేడిగా అందుతాయి. ఆఖర్న గిన్నె గీకి పోసుకున్న రెండట్లు ఇల్లాలివి. అప్పటికి చట్నీ అయిపోయి ఉంటుంది, ఆకలి చచ్చిపోయి ఉంటుంది. “నాకేం తొందర, మీరు కానివ్వండి” అనడం మనకి ఎంత అలవాటైపోయిందంటే, ఆ మాట అంటున్నామని కూడా మనకి తెలీదు!

సరిగ్గా ఇదే చిక్కు ఫ్రెంచివాళ్ళ వంటకం ఒకదానికీ ఉంది. చిత్రమేమిటంటే దాని పేరులోనే అమ్మగారు ఉన్నారు. పేరు ‘క్రోక్ మదామ్’. రెండు బ్రెడ్ ముక్కల మధ్య హామ్, ఛీజ్ పెట్టి, వెన్నలో ఎర్రగా కాల్చి, పైన ఒక గుడ్డు కూర్చోబెట్టి ఇచ్చే శాండ్‌విచ్ అన్నమాట. పెనం మీద నుంచి దిగిన అయిదు నిమిషాల్లో తింటేనే దానికి రుచి. మరి నలుగురికి చేసే ఆవిడ గతేమిటి? ఈ వారం ఆ సంగతే చూద్దాం.

అయ్యగారు ముందు, అమ్మగారు తర్వాత

ఫ్రెంచిలో ‘క్రోకే’ అంటే కరకరలాడేలా కొరకడం. ‘మొస్యో’ అంటే అయ్యగారు. గుడ్డు లేకుండా హామ్, ఛీజ్‌తో చేసేదాన్ని ‘క్రోక్ మొస్యో’ అంటారు. ఇది 1910 ప్రాంతంలో పారిస్ కేఫేల్లో మొదలైందని చెబుతారు. మార్సెల్ ప్రూస్ట్ అనే ప్రసిద్ధ రచయిత 1919లో వచ్చిన తన నవలలో దీన్ని ప్రస్తావించాడు. అందులో సముద్రపు ఒడ్డున హోటల్లో దిగిన కథకుడికీ, వాళ్ళ అమ్మమ్మకీ ఒక పెద్దింటి ఆవిడ క్రోక్ మొస్యోలూ, మీగడ వేసిన గుడ్లూ ఆర్డరిస్తుంది. చూశారా, పేరు అయ్యగారిదే అయినా తెప్పించింది మాత్రం అమ్మగారే!

ఆ అయ్యగారి నెత్తిన గుడ్డు పెడితే అమ్మగారవుతుంది. పైనున్న గుడ్డు పాతకాలపు దొరసానుల టోపీలా ఉంటుంది కనుక ఆ పేరొచ్చిందంటారు. ఏ వంటకం మీదైనా ఇలా గుడ్డు పెడితే ఫ్రెంచివాళ్ళు ‘ఆ షెవాల్’ అని కూడా అంటారు. అంటే గుర్రమెక్కినట్టు అని. టోపీ పెట్టుకున్నా, గుర్రమెక్కినా అమ్మగారి దర్జాయే వేరు కదూ!

కేఫేలో నేను చూసింది

మా అమ్మాయి దగ్గర నెల రోజులు పారిస్‌లో ఉన్నప్పుడు మధ్యాహ్నం పూట కేఫేల్లో దీన్ని చాలాసార్లు చూశాను. పేరుకి శాండ్‌విచ్ అయినా చేత్తో పట్టుకు తినేది కాదు. ప్లేటులో పెట్టి, పక్కన నాలుగు పచ్చి ఆకుల సలాడ్ వేసి ఇస్తారు. కత్తి, ఫోర్కుతో కోసుకు తింటారు. సొన పగిలి, ఛీజ్ మీంచి జారి, బ్రెడ్‌లోకి ఇంకుతుంది.

నాకు రుచి కంటే ఎక్కువ గుర్తుండిపోయింది ఇంకోటి. నా వయసు ఆడవాళ్ళు ఒంటరిగా వచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఒక ప్లేటు తెప్పించుకుని, తీరిగ్గా తిని వెళ్ళేవారు. ఎవరికీ వడ్డించక్కర్లేదు, ఎవరి కంచంలో ఏం తక్కువైందో చూడక్కర్లేదు. అది కేఫే కనుక సరే, లోపల వండేవాళ్ళు వేరే ఉన్నారు. ఇంట్లో వండేదీ తినేదీ ఒకరే అయినప్పుడు ఆ తీరిక ఎలా వస్తుందా అని అప్పటినుంచీ నా ఆలోచన.

వేడిగానే ఎందుకంటే...

చల్లారితే ఇందులో మూడు చెడతాయి. కరిగిన ఛీజ్ బిగిసి రబ్బరులా సాగుతుంది. లోపలి సాస్ తడికి బ్రెడ్ మెత్తబడి కరకర పోతుంది. గుడ్డు సొన చిక్కబడి జారదు. మళ్ళీ వేడి చేద్దామంటే సొన గట్టిపడిపోతుంది. అందుకని ఒక్కొక్కటే చేసి అందిస్తూ పోతే చేసే ఆవిడకి ఆఖరి అట్టే మిగులుతుంది. దీనికి విరుగుడు ఒక్కటే. పని ముందే ముగించి, నాలుగూ ఒకేసారి కాల్చాలి. మన దోసెల పెనం ఇందుకు భేషుగ్గా పనికొస్తుంది. 12 అంగుళాల పెనం మీద మామూలు బ్రెడ్ శాండ్‌విచ్‌లు నాలుగు పక్కపక్కనే పడతాయి.

కావలసినవి (నలుగురికి)

శాండ్‌విచ్ బ్రెడ్ ముక్కలు 8, ఉడికించిన హామ్ పల్చటి ముక్కలు 4 (సుమారు 120 గ్రా.), తురిమిన ఛీజ్ 200 గ్రా., గుడ్లు 4, వెన్న 70 గ్రా., మైదా 30 గ్రా., పాలు 300 మి.లీ., ఆవాల పేస్టు 2 టీ స్పూన్లు, జాజికాయ పొడి చిటికెడు, మిరియాల పొడి, ఉప్పు.

ఫ్రాన్స్‌లో గ్రుయేర్, ఎమెంటాల్, కోంటే అనే ఛీజ్‌లు వాడతారు. మనకి దొరికే గౌడా అయినా, మామూలు ప్రాసెస్డ్ ఛీజ్ అయినా పనైపోతుంది. డిజాన్ ఆవాల పేస్టు దొరక్కపోతే ఆవపిండిని కాస్త నీళ్ళతో, రెండు చుక్కల వెనిగర్‌తో కలిపి పది నిమిషాలు ఉంచండి. ఆవ పెట్టిన కూరలు తినేవాళ్ళం, ఆ ఘాటు మనకి కొత్తా?

ముందుగా చేసి పెట్టుకునేవి

మొదట వైట్ సాస్. ఫ్రెంచివాళ్ళు బెషమెల్ అనేది దీన్నే. గిన్నెలో 30 గ్రాముల వెన్న కరిగించి, మైదా వేసి సన్నటి సెగ మీద రెండు నిమిషాలు వేయించండి. పచ్చివాసన పోవాలి గానీ రంగు మారకూడదు. పాలు కొద్దికొద్దిగా పోస్తూ, ఉండ కట్టకుండా కలుపుతూ ఉంటే అయిదారు నిమిషాల్లో గరిటెకి అంటుకునేంత చిక్కబడుతుంది. జాజికాయ, మిరియాల పొడి వేసి దింపేయండి. ఉప్పు మాత్రం చూసి వేయండి. హామ్‌లోనూ, ఛీజ్‌లోనూ ఇప్పటికే బోలెడు ఉంది.

సాస్ చల్లారాక నాలుగు బ్రెడ్ ముక్కల మీద ఆవాల పేస్టు పల్చగా రాసి, దాని మీద సాస్, కొంచెం ఛీజ్, హామ్, మళ్ళీ ఛీజ్ పెట్టి రెండో ముక్కతో మూయండి. హామ్‌కి అటూ ఇటూ ఛీజ్ ఉంటే కరిగాక రెండు ముక్కల్నీ పట్టి ఉంచుతుంది. ఇంతవరకూ పొద్దున్నే చేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకోవచ్చు. తినే ముందు అరగంట బయట పెడితే చాలు.

చివరి పది నిమిషాలు

బల్ల మీద ప్లేట్లు పెట్టడం, నీళ్ళు పెట్టడం పిల్లలకీ, ఆయనకీ అప్పజెప్పండి. వాళ్ళు కూర్చున్నాకే స్టవ్ వెలిగించండి.

ఒక బర్నర్ మీద దోసెల పెనం పెట్టి, 30 గ్రాముల వెన్న వేసి, నాలుగు శాండ్‌విచ్‌లూ పరవండి. సెగ తక్కువలోనే ఉండాలి. మంట ఎక్కువైతే బ్రెడ్ మాడుతుంది, లోపలి ఛీజ్ కరగదు. అట్లకాడతో మెల్లిగా నొక్కుతూ ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు కాల్చండి.

రెండోవైపు తిప్పగానే పక్క బర్నర్ మీద వెడల్పాటి మూకుడులో మిగిలిన వెన్న వేసి నాలుగు గుడ్లూ కొట్టి పోయండి. మన హోటళ్ళలో బుల్స్ ఐ అంటామే, అదే. మూత పెడితే ఆవిరికి పైన కూడా ఉడుకుతుంది, తిప్పక్కర్లేదు. తాజా గుడ్డయితే తెల్లసొన పరచుకోకుండా ఒద్దికగా నిలుస్తుంది.

గుడ్లు అయ్యేసరికి శాండ్‌విచ్‌లూ అవుతాయి. ప్లేటుకొకటి దించి, పైన గుడ్డు పెట్టి, నాలుగూ ఒకేసారి బల్ల మీదకి తెండి. ఓవెన్ ఉన్నవాళ్ళు కొంచెం సాస్, ఛీజ్ మిగుల్చుకుని పైన కూడా వేసి, 200 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచితే ఛీజ్ ఎర్రగా పొంగుతుంది.

రెండు జాగ్రత్తలు

మొదటిది గుడ్డు. సొన జారుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది గానీ గర్భిణులకీ, పసిపిల్లలకీ, పెద్దవాళ్ళకీ అలా పెట్టొద్దు. సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటే సరిగా ఉడకని గుడ్డులో చావదు. వాళ్ళ గుడ్లు మరో రెండు మూడు నిమిషాలు ఉంచి సొన గట్టిపడనివ్వండి.

రెండోది హామ్. పంది తొడ మాంసాన్ని ఉప్పులో ఊరబెట్టి చేసేది ఇది. రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో చెప్పింది. అది రోజూ తినేవాళ్ళ లెక్క. నెలకో రెణ్ణెల్లకో ఒకసారి చేసుకుంటే బెంగపడక్కర్లేదు గానీ పిల్లల టిఫిన్ డబ్బాలో రోజూ పెట్టే వస్తువు మాత్రం కాదు. చికెన్ హామ్ కూడా ఈ కోవలోదే.

పంది మాంసం తినని ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. వాళ్ళు ఉప్పు, మిరియాలు వేసి ఉడికించిన కోడి మాంసాన్ని పల్చగా కోసి వాడుకోవచ్చు. పుట్టగొడుగులు వేయించి పెట్టినా బాగుంటుంది. ఫ్రాన్స్‌లోనే టమాటా ముక్కలు చేర్చి ‘క్రోక్ ప్రొవాన్సాల్’ అంటారు.

ఒక్క మాట

ఈ పద్ధతి చెబితే మా పక్కింటి వదిన “ఇంత ఏర్పాటా, ఒకరి తర్వాత ఒకరికి పెట్టేస్తే పోలా?” అంది. పోతుంది, నిజమే. కానీ పొద్దున్న ఒక పావుగంట ముందుగా చేసి పెట్టుకుంటే మధ్యాహ్నం మీరూ అందరితో కూర్చుంటారు. ఇదే లెక్క పూరీలకి వేయండి, పెసరట్లకి వేయండి. కొన్నిటికి కుదరదు. అప్పుడు వంతులు మార్చండి. సగం అట్లు మీరు పోస్తే మిగతా సగం ఆయనో, మీ అబ్బాయో పోయొచ్చు. మొదట్లో వంకర టింకరగా వస్తాయి. వస్తే రానివ్వండి, వేడిగా ఉంటాయి కదా!

ఇంట్లో ఎవరూ లేని మధ్యాహ్నం పూట నిన్నటి అన్నంలో ఇంత మజ్జిగ పోసుకుని సరిపెట్టుకునే అలవాటుందా మీకు? ఈసారి రెండు బ్రెడ్ ముక్కలు, ఒక గుడ్డు తీయండి. మీ ఒక్కరి కోసమే స్టవ్ వెలిగించుకోండి.