తలలో గడ్డ ఎంత దూరం పాకుతుంది?

మేడ్చల్, శామీర్‌పేట వైపు పల్లెల్లో ఎవరికైనా తలలో గడ్డ ఉందని తెలిస్తే రకరకాల మాటలు పుడతాయి. "అది ఒళ్లంతా పాకుతుంది. ఇక లాభం లేదు" అంటారు కొందరు. "దగ్గరికి పోకండి. మనకూ అంటుకుంటుంది" అంటారు మరికొందరు. ఇలాంటి మాటలు నమ్మి చికిత్స మానేసేవాళ్లు ఉంటారు. రోగి కంచం, గ్లాసు వేరు పెట్టేవాళ్లూ ఉంటారు. ఈ మాటల్లో నిజమెంత? తెలుసుకుందాం.

గడ్డ అంటే ఏమిటి?

ఇల్లు ఇటుకలతో కట్టినట్టు మన ఒళ్లు కణాలతో కట్టి ఉంది. కణం కంటికి కనిపించదు. అంత చిన్నది. పాత కణాలు పోతాయి. కొత్తవి పుడతాయి. దీనికొక లెక్క ఉంది. ఆ లెక్క తప్పితే కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. అదే గడ్డ.

మెదడులో వచ్చే గడ్డలన్నీ క్యాన్సర్ కాదు. కొన్ని మెల్లగా పెరుగుతాయి. ఆపరేషన్ చేసి పూర్తిగా తీసేస్తే చాలామందికి నయమవుతుంది. కొన్ని మాత్రం చాలా చెడ్డవి. వారాల్లోనే పెరిగిపోతాయి. పెద్దవాళ్లలో వచ్చే అలాంటి గడ్డ పేరు గ్లియోబ్లాస్టోమా.

గరిక, వయ్యారిభామ

చేనులో కలుపు ఎలా పాకుతుందో రైతులకు తెలుసు. వయ్యారిభామ గింజలు గాలికి, నీటికి కొట్టుకుపోతాయి. దూరాన పడి మొలుస్తాయి. గరిక ఉన్న చేనులోనే తీగలు పారించుకుంటూ పోతుంది. పైన కోసేసినా లోపల వేరు మిగిలితే మళ్లీ మొలుస్తుంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ వయ్యారిభామ లాంటివి. వాటి కణాలు రక్తంలో కలిసి ఎముకలకు, కాలేయానికి, మెదడుకు పోగలవు. గ్లియోబ్లాస్టోమా గరిక లాంటిది. మెదడులోనే సందు చూసుకుని పాకుతుంది. మెదడు దాటి ఒంట్లోకి పోవడం చాలా అరుదు. నూరుమంది రోగుల్లో ఒకరిద్దరికి మించి అలా జరగదు. జరిగితే ఊపిరితిత్తులకు, ఎముకలకు, కాలేయానికి, మెడలోని బిళ్లలకు పోవచ్చు.

బయటికి ఎందుకు పోదు? డాక్టర్లు కొన్ని కారణాలు చెబుతారు. మెదడు చుట్టూ గట్టి పొర ఉంది. దానిపైన పుర్రె ఉంది. మెదడులోని రక్తనాళాల గోడలు బిగువుగా ఉంటాయి. మెదడులో పెరిగిన కణాలు వేరే చోట బతకడం కష్టం.

అయితే బయటికి పోదు కదా అని తేలిగ్గా తీసుకోరాదు. తలలో ఖాళీ జాగా లేదు. గడ్డ పెరిగితే మెదడు నలుగుతుంది. మాట, నడక, చూపు దెబ్బతింటాయి. ప్రాణానికే ముప్పు వస్తుంది.

పిల్లల్లో ఎలా?

పిల్లలకు తల వెనక భాగంలో ఒక చెడ్డ గడ్డ వస్తుంది. దాని పేరు మెడుల్లోబ్లాస్టోమా. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ ఒక నీరు తిరుగుతూ ఉంటుంది. చెరువు నీటితో గింజలు కాలువలోకి పోయినట్టు, ఈ గడ్డ కణాలు ఆ నీటితో వెన్నులోకి దిగవచ్చు. అందుకే డాక్టర్లు తలతో పాటు వెన్నుకూ స్కానింగ్ తీయిస్తారు. ఈ గడ్డకు చికిత్స ఉంది. సమయానికి చేయిస్తే చాలామంది పిల్లలు బతుకుతారు.

వేరే చోటి నుంచి మెదడుకు

మెదడులో పుట్టే క్యాన్సర్ కన్నా, వేరే చోట పుట్టి మెదడుకు చేరే క్యాన్సరే ఎక్కువ. శామీర్‌పేట మనిషి బతుకుదెరువుకు బొంబాయి పోయినా అతని ఊరు శామీర్‌పేటే. అలాగే ఊపిరితిత్తిలో పుట్టిన క్యాన్సర్ మెదడుకు పోయినా అది ఊపిరితిత్తుల క్యాన్సరే. పుట్టిన చోటును బట్టి మందు ఇస్తారు.

అందుకే బీడీ, సిగరెట్ మానాలి. రొమ్ములో గడ్డ చేతికి తగిలితే సిగ్గుపడి దాచకూడదు. వెంటనే చూపించుకోవాలి.

ఎప్పుడు దవాఖానకు పోవాలి?

తలనొప్పి వచ్చిన ప్రతివారికీ గడ్డ ఉండదు. కానీ ఈ గుర్తులు ఉంటే ఆలస్యం చేయరాదు:

- రోజురోజుకూ పెరిగే తలనొప్పి. పొద్దున లేవగానే నొప్పి, వాంతి.
- ఎన్నడూ లేనిది పెద్దవయసులో ఫిట్స్ రావడం.
- ఒక పక్క చేయి, కాలు బలం తగ్గడం. మాట తడబడడం.
- చూపు మసకబారడం. ఒకటి రెండుగా కనిపించడం.
- నడిస్తే తూలడం. మనిషి తీరు మారిపోవడం.

ఇవి చూసి గాలి సోకిందని, బాణామతి చేశారని అనుకుంటారు. తాయెత్తులకు, మంత్రగాళ్లకు డబ్బు పోస్తారు. ఈలోగా గడ్డ పెరుగుతుంది. తాయెత్తుకు గడ్డ కరగదు.

మొదట దగ్గరి సర్కారు దవాఖానలో చూపించుకోవాలి. ఫిట్స్ ఆగకపోతే, ఉన్నట్టుండి చేయి, కాలు పడిపోతే 108కి ఫోన్ చేయాలి. సికింద్రాబాద్‌లో గాంధీ ఆసుపత్రి, పంజగుట్టలో నిమ్స్ ఉన్నాయి. అక్కడ మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్లు ఉన్నారు. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అది సర్కారు దవాఖానే. ఆరోగ్యశ్రీ కింద ఒక కుటుంబానికి ఏడాదికి ఇచ్చే మొత్తాన్ని తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు వెంట తీసుకుపోవాలి.

చికిత్స ఏమిటి?

గ్లియోబ్లాస్టోమాకు ముందు ఆపరేషన్ చేస్తారు. వేర్లు మిగులుతాయి కాబట్టి తర్వాత కరెంటు పెడతారు. 2005 నుంచి దానితో పాటు మాత్రలు కూడా ఇస్తున్నారు. ఇంత చేసినా చాలామంది ఏడాది, ఏడాదిన్నరకు మించి బతకడం లేదు. కొందరు అంతకన్నా ఎక్కువ కాలం బతుకుతున్నారు. చికిత్స వల్ల బతికే రోజులు పెరుగుతాయి. బాధ తగ్గుతుంది. అది చిన్న మేలు కాదు.

ఈ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా రాదు. రోగిని దూరం పెడితే జబ్బు కన్నా ఆ బాధే ఎక్కువవుతుంది. పక్కన కూర్చోండి. చేయి పట్టుకుని నడిపించండి. మాట్లాడించండి.

గుర్తుంచుకోండి

- మెదడులో పుట్టిన చెడ్డ గడ్డ ఒంట్లోకి పాకడం చాలా అరుదు. మెదడులోనే పాకుతుంది.
- వేరే చోటి క్యాన్సర్ మెదడుకు రావచ్చు.
- ఈ జబ్బు అంటురోగం కాదు.

చెప్పండి

1. గ్లియోబ్లాస్టోమాను గరికతో ఎందుకు పోల్చారు?
2. ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే దవాఖానకు పోవాలి?
3. రోగి కంచం వేరు పెట్టాలా? ఎందుకు?