విద్యకు ఉమ్మడి వాకిలి

ఆదివారమునాడు ఆబిడ్సులో దుకాణములు మూసియుండగా వాని ముందరి కాలిబాటలమీద పాతపుస్తకముల సంత సాగును. నాంపల్లి స్టేషనులో రైలు దిగి వచ్చిన పల్లెటూరి విద్యార్థి యచ్చట నొక పుస్తకమును బేరమాడుట మన పట్టణమున చిరపరిచితమైన దృశ్యము. ఇంటర్మీడియెట్ బోర్డును, పబ్లిక్ సర్వీసు కమిషనును నాంపల్లిలోనే యున్నవి. పరీక్షలమీది యాశయు, పుస్తకముల యక్కరయు నీ రెండు పేటలయందే కలిసికొనుచున్నవి. నేడా విద్యార్థి చేత ఫోనును గలదు. అందు విద్యకు దారి యెంత సుగమముగ నున్నదో విచారింపవలసియున్నది.

పాఠములకు కొరత లేదు. కేంద్రప్రభుత్వపు స్వయం, దీక్ష యను వేదికలు 2017 లో ప్రారంభమైనవి. తెలంగాణ ప్రభుత్వపు టీ-శాట్ విద్య, నిపుణ యను రెండు ప్రసారములను నడుపుచున్నది. ప్రైవేటు సంస్థల యాప్‌లకు లెక్కయే లేదు. ఒక్కొక్కదానికి వేరు ఖాతా, వేరు పాస్‌వర్డు! చవుక ఫోనులో నిన్నింటికి చోటెక్కడిది? కావున పెక్కు వేదికలకు ఒక్క యాప్ చాలునను పద్ధతి సర్వవిధముల మేలైనది.

ఇందులకు దీక్ష మంచి మార్గము చూపినది. 2017 సెప్టెంబరు 5 వ తేదీన నాటి యుపరాష్ట్రపతి శ్రీ వెంకయ్యనాయుడుగారు దీనిని ప్రారంభించిరి. యంత్రాంగ మొక్కటియే, రాష్ట్రములు తమ పాఠ్యక్రమమును, తమ భాషను నిలుపుకొనుచు దానిని వాడుకొనుచున్నవి. పాఠ్యపుస్తకములోని క్యూఆర్ కోడునకు ఫోను చూపినచో తత్సంబంధమైన పాఠము తెరచుకొనును. ఒకసారి దింపుకొన్న పాఠమును ఇంటర్నెట్టు లేకయే చూడవచ్చును.

ఉమ్మడి ప్రయత్నము మనవారికి క్రొత్త గాదు. 1901 లో నీ పట్టణముననే వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఆబిడ్సునకు చేరువనే సుల్తాన్‌బజారులో నేటికిని నిలిచియున్నది. 1906 లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలగువారు హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి, చందాదారులను కూర్చుకొని, చరిత్రమును, శాస్త్రములను తెలుగున ప్రకటించిరి. ఒకరు భరింపజాలని వ్యయమును పలువురు పంచుకొనిరి. ఆ వ్యయమంతయు జ్ఞానమును తెలుగువాని యింటిభాషలో నందించుటకే.

నేటి యాప్‌లకు పరీక్ష యిచ్చటనే. స్వయంలోని పాఠములలో హెచ్చుపాలు ఆంగ్లముననే యున్నవి. వాకిలిమీది బోర్డు తెలుగున నుండి, లోపలి పాఠము తెలియని భాషలో నుండినచో పల్లెటూరి బాలునకు కలుగు లాభమేమి? వాకిళ్లను కలుపుట యింజనీర్ల పని. లోపలి సరకు నింపుట తెలుగు ఉపాధ్యాయుల పని. ఈ రెండవ పనికి ద్రవ్యము కేటాయింపక మొదటిదానికి ప్రారంభోత్సవములు జరుపుట తగదు.

మరియొక విషయము. కరోనా కాలమున, 2020 సెప్టెంబరు 1 నుండి, మన రాష్ట్రమున పాఠములు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా సాగినవి. ఒక్కటే ఫోనున్న యింట తండ్రి పనికి పోయినప్పుడు ఫోనులోని పాఠమును ఆతనితోనే పోవును. ఆ కష్టకాలమున టెలివిజనే పెక్కు బీదయిండ్లకు బడి యైనది. యాప్ ఎంత చక్కనిదైనను, ఫోను లేని బిడ్డకు అది మూసిన తలుపే.

కావున గ్రామములలో పలుకుబడిగల పెద్దలకును, పట్టణవాసులకును మా మనవి యిది: మీ యూరి గ్రంథాలయమున నొక తెరను, ఇంటర్నెట్టును ఏర్పరచి, సాయంకాలము రెండు గంటలు పిల్లల కుచితముగ విడువుడు. ఉమ్మడి పాఠములు తెలుగున కావలెనని ప్రభుత్వము నడుగుడు. నాడు చందా లిచ్చి గ్రంథములను వెలువరించిన మన పెద్దల కిది యసాధ్యముగ తోచియుండెడిది కాదు.